బెజ్జం ఉన్న ఇత్తడి బిళ్ళ : బియాట్రిస్ షిల్లింగ్ జీవితం

శాస్త్రజ్ఞుల జీవితాలు అనగానే మన సావనీర్లలో న్యూటన్, ఎడిసన్, మేడమ్ క్యూరీ, సర్ సి.వి. రామన్ వరుసగా దర్శనమిస్తుంటారు. వారి గొప్పతనం గురించి నేను కొత్తగా చెప్పగలిగేది ఏమీ లేదు. ఈ వ్యాసంలో నేను పరిచయం చేయబోయే వనిత ఏ సిద్ధాంతాన్నీ ప్రతిపాదించలేదు. ఏ సూత్రానికీ ఆమె పేరు లేదు. ఆమె పేరు పెట్టింది ఒక బెజ్జానికి. నవ్వకండి మిత్రులారా, ద్వితీయ ప్రపంచ సంగ్రామంలో ఆ బెజ్జం కోసం ఎదురుచూసిన పైలట్లు ఎందరో ఉన్నారు.

బియాట్రిస్ షిల్లింగ్ 1909 మార్చి 8న ఇంగ్లండులోని హాంప్‌షైర్ జిల్లా వాటర్లూవిల్ అనే ఊళ్ళో జన్మించింది. తండ్రి మాంసం కొట్టు నడిపేవాడు. గొప్ప చదువుల వంశమేమీ కాదు. ఆడపిల్లలు బొమ్మలకు గౌన్లు కుట్టుకునే వయసులో ఈమెకు మెకానో అనే ఇనుప ముక్కల ఆటసామాను మీదకు మనసు పోయింది. స్క్రూలు, నట్లు, చిన్న చిన్న పళ్ళ చక్రాలు. పధ్నాలుగో ఏట డబ్బు కూడబెట్టి మోటారు సైకిలు కొనేసింది. కొనడంతో ఆగలేదు, దాన్ని విప్పి మళ్ళీ బిగించడం మొదలుపెట్టింది. నా ఉద్దేశంలో ఆమె చదువు అక్కడే ప్రారంభమైంది. మా ఇంట్లో తైవాన్ స్ప్రేయర్ చెడిపోతే దాన్ని విప్పడానికి నన్ను పిలుస్తారు గాని, నాకంటే నేర్పుగా విప్పగల మా చెల్లెల్ని పిలవరు. నూరేళ్ళ కిందట వాటర్లూవిల్‌లో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండి ఉంటుందని నేను అనుకోను.

అదృష్టవశాత్తూ ఆమెకు ఒక మంచి గురువు దొరికింది. మార్గరెట్ పార్‌ట్రిడ్జ్ అనే మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు పల్లెలకు కరెంటు పెట్టించే కంపెనీ నడుపుతుండేది. బియాట్రిస్ ఆమె దగ్గర అప్రెంటిస్‌గా చేరి, ఇళ్ళకు వైర్లు లాగడం, జనరేటర్లు బిగించడం నేర్చుకుంది. ఈ పిల్లను ఇక్కడితో ఆపకూడదని గ్రహించిన పార్‌ట్రిడ్జే ఆమెను విశ్వవిద్యాలయం వైపు నెట్టింది. అప్పు చేసి మరీ 1929లో మాంచెస్టరు యూనివర్సిటీలో చేరింది. ఇంజనీరింగు తరగతిలో ఆడపిల్లలు ఈమెతో కలిపి ఇద్దరే. 1932లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో డిగ్రీ, మరుసటి ఏడు మెకానికల్ ఇంజనీరింగులో మాస్టర్ డిగ్రీ పుచ్చుకుంది.

డిగ్రీలైతే వచ్చాయి, ఉద్యోగం ఎక్కడ? అవి ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంతో అల్లాడుతున్న రోజులు. మగ ఇంజనీర్లకే దిక్కులేదు. చివరకు బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ మక్లో వద్ద పరిశోధన సహాయకురాలిగా చోటు దొరికింది. అక్కడ ఆమె పనిచేసింది ఒకే సిలిండరు ఉన్న సూపర్‌ఛార్జ్‌డ్ ఇంజన్ల మీద. ఆమె జీవితంలో తరువాత జరిగినదంతా అర్థం కావాలంటే ఈ సూపర్‌ఛార్జింగు సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పుకోవాలి. ఆర్ట్స్ విద్యార్థులు దయచేసి పేజీ తిప్పకండి, సులువుగానే చెబుతాను.

ఇంజనుకు తిండి రెండు రకాలు: గాలి, పెట్రోలు. బలం పెరగాలంటే పెట్రోలు ఎక్కువ పోస్తే చాలదా అని అనిపిస్తుంది. చాలదు. పెట్రోలు మండాలంటే బరువులో దానికి సుమారు పదిహేను రెట్లు గాలి కావాలి. మామూలు ఇంజను తన పిస్టన్లతో పీల్చుకోగలిగినంత గాలినే పీల్చుకుంటుంది. సూపర్‌ఛార్జరు అంటే గాలిని బలవంతంగా నొక్కి ఇంజను నోట్లో కుక్కే పంకా. దాన్ని తిప్పేది కూడా ఆ ఇంజనే. గాలి ఎక్కువ దూరింది కాబట్టి పెట్రోలూ అదే లెక్కన ఎక్కువ పోయాలి. ఇక్కడే ఉంది తిరకాసు. పెట్రోలు చాలకపోతే మంట పలచబడి వేడి మితిమీరుతుంది, సిలిండర్లో డమడమ పేలుళ్ళు పుట్టి పిస్టన్ కరిగి బెజ్జం పడుతుంది. ఎక్కువైతే నల్లపొగ కక్కుతూ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది.

కార్బ్యురేటరు సూపర్‌ఛార్జరుకు ముందు ఉందా, వెనుక ఉందా అన్నది కూడా ముఖ్యమే. ముందు ఉంటే అది మామూలు వాతావరణపు గాలినే చూస్తుంది, పెట్రోలుకు చిన్న ఒత్తిడి చాలు. వెనుక ఉంటే, అంటే సూపర్‌ఛార్జరు ఊదే గాలి కార్బ్యురేటరు గుండా పోయేటట్లయితే, ఆ గాలి ఒత్తిడి పెట్రోలును వెనక్కు తోస్తుంది. కనుక గాలి ఒత్తిడి ఎంత పెరిగితే పెట్రోలు పంపు ఒత్తిడి కూడా అంతకు అంత పెరగాలి, ఇంకా కొంచెం మిగలాలి. 1920లలో మెర్సిడెస్ వారి స్పోర్ట్స్ కార్లు ఈ రెండో పద్ధతివి. ఇంజక్టర్ల కాలం వచ్చాక కూడా, స్పోర్ట్స్ కారుకు సూపర్‌ఛార్జరు బిగించుకునేవాళ్ళు మొదట తడుముకునేది ఈ ఫ్యూయల్ ప్రెషరు దగ్గరే. ఇంజను లోపలి గాలి ఒత్తిడిని చిన్న గొట్టం ద్వారా రెగ్యులేటరుకు తెలియజేసి, దానికి తగ్గట్టు పెట్రోలు ఒత్తిడి పెరిగేటట్లు చేస్తారు. ఇంజక్టరు లోపలకూ బయటకూ ఒత్తిడి తేడా ఎప్పుడూ ఒకటిగా ఉంటేనే లెక్క తప్పదు. మన బియాట్రిస్ ఈ లెక్కల్లో చేయి తిరిగినదైంది.

చదువు, పరిశోధన ఒక పక్కన సాగుతుండగా ఇంకో పక్క పందేలు. సర్రే ప్రాంతంలో బ్రూక్‌లాండ్స్ అని 1907లో కట్టిన పందేల ట్రాకు ఉండేది. కేవలం మోటారు పందేల కోసమే కట్టిన ట్రాకుల్లో ప్రపంచంలో అదే మొదటిది. మలుపుల దగ్గర చెరువు కట్టలాగా ఏటవాలుగా లేచి ఉండే ఆ సిమెంటు దారి మీద చుట్టు సగటున గంటకు నూరు మైళ్ళు దాటిన మోటారు సైకిలిస్టుకు గోల్డ్ స్టార్ అనే బ్యాడ్జి ఇచ్చేవారు. 1934లో బియాట్రిస్ తన నార్టన్ బండి మీద ఆ బ్యాడ్జి సంపాదించింది. ఆమె అత్యధిక వేగం 106 మైళ్ళు. బ్రూక్‌లాండ్స్ చరిత్ర మొత్తం మీద ఈ బ్యాడ్జి గెలిచిన ఆడవాళ్ళు ముగ్గురే ముగ్గురు. ఆ బండిని ఆమే స్వయంగా పందేనికి తయారుచేసుకుంది. డబ్బిచ్చి మెకానిక్కును పెట్టుకున్నవాళ్ళను దాటి వెళ్ళడంలో ఉండే తృప్తి వేరు!

1936లో ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంటులో ఉద్యోగం వచ్చింది. మనకు డి.ఆర్.డి.ఓ. ఎలాగో వాళ్ళకు అది అలాగ. అయితే ఇంజన్లు ముట్టుకునే ఉద్యోగం కాదు, విమానం ఇంజన్ల గురించి పుస్తకాలు రాసే ఉద్యోగం. చేతులకు గ్రీజు అంటని ఉద్యోగం ఆమెకు రుచించలేదు. పోరి పోరి ఇంజను విభాగానికి మారింది. 1939 చివరకు, అంటే యుద్ధం మొదలైన కొత్తలో, కార్బ్యురేటర్ల పరిశోధనకు ఆమే బాధ్యురాలు. ఈలోగా 1938లో అక్కడే పనిచేసే జార్జి నేలర్‌ను పెళ్ళాడింది. నువ్వు కూడా బ్రూక్‌లాండ్స్‌లో నూరు మైళ్ళు దాటితేగాని పెళ్ళి లేదని షరతు పెట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమో కాదో గాని, జార్జికి కూడా గోల్డ్ స్టార్ ఉన్న మాట వాస్తవం. కట్నంగా బ్యాడ్జి అడిగిన పెళ్ళికూతురన్నమాట.

ఇక అసలు కథ. బ్రిటిషు వారి స్పిట్‌ఫైర్, హరికేన్ యుద్ధ విమానాలకు రోల్స్ రాయిస్ కంపెనీ మెర్లిన్ ఇంజను ఉండేది. పన్నెండు సిలిండర్లు, ఇరవై ఏడు లీటర్లు, సూపర్‌ఛార్జరు సహితం. కార్బ్యురేటరు సూపర్‌ఛార్జరుకు ముందు ఉండేది. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది కనుక చల్లటి చిక్కటి గాలి లోపలికి పోయి బలం పెరుగుతుందని ఆ ఏర్పాటు. ఆలోచన మంచిదే. జర్మనీ వారి మెసర్‌ష్మిట్ 109లో మాత్రం కార్బ్యురేటరే లేదు, పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మే ఇంజక్షను పద్ధతి.

1940లో ఫ్రాన్సు మీద యుద్ధం జరిగేటప్పుడే బ్రిటిషు పైలట్లు ఒక వింత గమనించారు. మెసర్‌ష్మిట్ వెనుక పడి తరుముతుంటే వాడు హఠాత్తుగా ముక్కు కిందకు వంచి డైవ్ కొట్టేవాడు. వీళ్ళూ అలాగే వంచితే ఇంజను దగ్గి, ఒక్క క్షణం చచ్చిపోయి, తరువాత గుప్పున నల్లపొగ కక్కేది. ఈ రెండు మూడు క్షణాల్లో శత్రువు చేజారిపోయేవాడు. వాడే వెనుక ఉంటే ఏమయ్యేదో రాయనక్కరలేదు. అందుకని బ్రిటిషు పైలట్లు విమానాన్ని ముందు వెల్లకిలా తిప్పి, ఆ తరువాత కిందకు దించే ఉపాయం నేర్చుకున్నారు. ప్రాణాలు పోయేచోట ఆ తిప్పడానికి పట్టే కాలం తక్కువేమీ కాదు.

కారణం ఏమిటి? మన ఇళ్ళ మీద నీళ్ళ ట్యాంకులో బాల్ వాల్వు చూశారు కదా. నీళ్ళు నిండితే బంతి పైకి తేలి కుళాయి మూసుకుంటుంది, తగ్గితే బంతి దిగి కుళాయి తెరుచుకుంటుంది. కార్బ్యురేటరులో ఉండేది కూడా అదే. చిన్న తొట్టి, అందులో ఫ్లోటు, ఫ్లోటుకు సూది వాల్వు. ఇప్పుడు విమానం ముక్కు చటుక్కున కిందకు వంగింది. బస్సు స్పీడు బ్రేకరు దూకినప్పుడు వెనుక సీటులో మనం పైకి లేచినట్టుగా, తొట్టిలోని పెట్రోలంతా పైకప్పుకు అతుక్కుంటుంది. ఇంజనుకు పెట్రోలు పోయే దారి అడుగున ఉంది, అక్కడ ఏమీ లేదు. ఇది మొదటి దగ్గు. మా ఊళ్ళో డీజిలు ఇంజనుకు ఎయిర్ పట్టిందంటామే, అలాంటిదే.

రెండోది అంతకంటే ప్రమాదం. పెట్రోలు పైకి పోయింది గనుక ఫ్లోటు తలకిందులై అడుగుకు పోతుంది. ఫ్లోటు అడుగున ఉందంటే తొట్టి ఖాళీ అని అర్థం, కాబట్టి సూది వాల్వు బార్లా తెరుచుకుంటుంది. పంపు తన యావచ్ఛక్తితో పెట్రోలు తోసేస్తుంది. తొట్టి నిండి, పొంగి, కావలసినదానికి ఎన్నో రెట్లు పెట్రోలు ఇంజనులోకి దూకుతుంది. మన మోటారు సైకిలు మెకానిక్కు ఓవర్‌ఫ్లో అయింది, ప్లగ్గు తడిసింది అంటాడే, సరిగ్గా అదే. కాకపోతే మనం రోడ్డు పక్కన స్టాండు వేసి ప్లగ్గు తుడుచుకుంటాం.

రోల్స్ రాయిస్ వారూ ఇతరులూ కొత్త రకం కార్బ్యురేటర్ల మీద పని ప్రారంభించారు. మంచిదే, గాని అవి తయారై వేల విమానాలకు చేరేసరికి ఏళ్ళు పడతాయి. యుద్ధం అంతవరకు ఆగుతుందా? బియాట్రిస్ వేరే వైపు నుంచి ఆలోచించింది. మొదటి దగ్గు చిన్నది, దాన్ని ఓర్చుకోవచ్చు. ఇంజనును ముంచేది రెండోది. అది రావడానికి కారణం పంపు అవసరానికి మించి పోయగలగడం. ఇంజను పూర్తి బలంతో నడిచేటప్పుడు గరిష్ఠంగా ఎంత పెట్రోలు తాగుతుందో లెక్కకట్టి, పంపు ఎంత ఒత్తిడితో తోసినా దానికి మించి పోనీయని ఒక ఇరుకు దారి పెడితే సరి. వాల్వు బార్లా తెరుచుకున్నా భయం లేదు.

చెరువు కింద సేద్యం చేసేవాళ్ళకు ఇది కొత్త కాదు. ఆయకట్టుకు ఎన్ని నీళ్ళు కావాలో దాన్నిబట్టే తూము బెజ్జం. చెరువు నిండి ఉన్నా కాలవ తెగదు. ఇంకో కిటుకు కూడా ఉంది. బెజ్జంలోంచి పోయే ధార ఒత్తిడికి వర్గమూలంగా మాత్రమే పెరుగుతుంది. అంటే ఒత్తిడి నాలుగింతలు చేస్తే గాని ధార రెండింతలు కాదు. పంపు ఒత్తిడిలో కొంచెం హెచ్చుతగ్గులున్నా బెజ్జం వాటిని చాలావరకు మింగేస్తుంది. బెజ్జం వ్యాసం సంగతి వేరు, అది రెండింతలైతే ధార నాలుగింతలు. కనుక ఒత్తిడి దగ్గర కాస్త సర్దుకోవచ్చు గాని, బెజ్జం తొలవడంలో వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఇదంతా ఫస్టియర్ ఫిజిక్సులో ఉన్నదే, మనం పరీక్ష రాసి మరిచిపోయినదే.

అలా తయారైంది ఆ వస్తువు. మొదట బట్టలు కుట్టేవాళ్ళు వేలికి తొడుక్కునే తొడుగులాంటి ఇత్తడి ముక్క, మధ్యలో బెజ్జం. తరువాత దాన్ని ఇంకా సులువు చేసి ఉత్త చదును వాషరుగా మార్చారు. సూపర్‌ఛార్జరు ఒత్తిడిని బట్టి పెట్రోలు వాడకం మారుతుంది కాబట్టి రెండు కొలతల్లో చేశారు: చదరపు అంగుళానికి 12 పౌన్ల బూస్టు ఇచ్చే ఇంజన్లకు ఒకటి, 15 పౌన్లవాటికి ఒకటి. అన్నిటికంటే గొప్ప సంగతి ఏమిటంటే, విమానాన్ని షెడ్డుకు పంపనక్కరలేదు. కార్బ్యురేటరు ముందున్న పెట్రోలు గొట్టంలో, విమానం నిలబడిన చోటే బిగించవచ్చు.

1941 మార్చి నాటికి బియాట్రిస్ చిన్న బృందాన్ని వెంటబెట్టుకుని వైమానిక స్థావరాల వెంట తిరగసాగింది. తన ప్రయాణం ఆ పాత నార్టన్ బండి మీదనే. పందేల బండి మీద ఇంజనీరమ్మ దిగి, సంచీలోంచి వాషర్లు తీసి ఇస్తుంటే చూసిన కుర్ర పైలట్ల ముఖాలు ఎలా ఉండి ఉంటాయో! వాళ్ళు దానికి ఒక పేరు కూడా పెట్టారు: మిస్ షిల్లింగ్ బెజ్జం. ఆంగ్లంలో ఆ పేరులో ఒక కొంటెతనం ఉంది, అది మగవాళ్ళ బ్యారక్కుల్లో పుట్టిన హాస్యం. అప్పటికి ఆమె మిస్ కూడా కాదు, పెళ్ళయి మూడేళ్ళు కావస్తున్నది. అయినా ఆ పేరే స్థిరపడింది. ఇంత పని చేసిన మనిషిని తలుచుకోవడానికి ఇంతకంటే మర్యాదైన పేరు వాళ్ళకు దొరకలేదా అని నాకు అనిపిస్తుంది. ఆ పేరే లేకుంటే ఈపాటికి అందరూ మరిచిపోయేవారు కదా అని కూడా అనిపిస్తుంది. రెండూ నిజమే కావచ్చు.

ఇక్కడ ఒక పొరపాటు సవరించాలి. ఈ వాషరే బ్రిటన్ యుద్ధాన్ని గెలిపించిందని కొందరు ఉత్సాహంతో రాస్తుంటారు. బ్రిటన్ గగనతల యుద్ధం జరిగింది 1940 వేసవి నుంచి అక్టోబరు దాకా. వాషరు వచ్చింది ఆ మరుసటి వసంతంలో. అంటే ఆ యుద్ధం చేసిన కుర్రవాళ్ళు దగ్గే ఇంజన్లతోనే పోరాడారు. ఈ బిళ్ళ మేలు చేసింది ఆ తరువాత ఎగిరినవాళ్ళకు. ఇంకొకటి, ఇది సంపూర్ణ చికిత్స కూడా కాదు. మొదటి దగ్గు అలాగే ఉంది, విమానాన్ని తలకిందులుగా చాలాసేపు నడపడమూ కుదరదు. 1943లో బెండిక్స్ వారి ప్రెషర్ కార్బ్యురేటరు వచ్చాక గాని సమస్య పూర్తిగా పోలేదు. దానిలో ఫ్లోటూ లేదు, తొట్టీ లేదు, పెట్రోలును ఒత్తిడితోనే కొలిచి పోస్తుంది. మధ్యలో గడిచిన ఆ రెండేళ్ళూ బియాట్రిస్ బిళ్ళ కాపు కాసింది. రెండేళ్ళంటే యుద్ధంలో చాలా కాలం. భర్త జార్జి కూడా బాంబరు పైలట్‌గా యుద్ధంలో ఉన్నాడు. ఆమెకు ఆ కాలం ఎంత పొడుగ్గా ఉండేదో మనం ఊహించుకోవచ్చు.

యుద్ధం తరువాత ప్రభుత్వం ఆమెకు ఓ.బి.ఇ. బిరుదు ఇచ్చింది. ఫార్న్‌బరోలో 1969 వరకు పనిచేసింది. బ్లూ స్ట్రీక్ క్షిపణి గురించి, తడిసిన రన్‌వే మీద విమానం బ్రేకు ఎలా పడుతుందన్న దాని గురించి పరిశోధించింది. ఈ రెండోది గ్లామరు లేని పని, గాని వానాకాలంలో విమానం దిగే ప్రతివాళ్ళకూ కావలసినది. ఇంత చేసినా ఆ సంస్థలో పై పదవులు మాత్రం ఆమెకు దక్కలేదు. ఆడది కావడం తప్ప దానికి వేరే కారణం కనపడదు. ఆమె దాన్ని మనసులో పెట్టుకుని పని మానేసిన దాఖలా కూడా లేదు. సర్రే యూనివర్సిటీ వారు గౌరవ డాక్టరేటు ఇచ్చారు.

పందేల పిచ్చి మాత్రం వదల్లేదు. మోటారు సైకిళ్ళ స్థానంలో కార్లు వచ్చాయి. భార్యాభర్తలిద్దరూ తమ చేతులతో బాగుచేసుకున్న ఆస్టిన్ హీలీ సెబ్రింగ్ స్ప్రైట్ లాంటి స్పోర్ట్స్ కార్లతో పందేల్లో పాల్గొన్నారు. అప్పటికి ఆమె వయసు యాభై దాటింది! 1967లో డాన్ గర్నీ అనే అమెరికా రేసరు ఈగల్ ఫార్ములా వన్ కారు వేడెక్కిపోతుంటే, సలహా కోసం పిలిపించుకున్నది ఈమెనే. ఒలింపిక్సుకు వెళ్ళే బ్రిటిషు బాబ్‌స్లెడ్ జట్టు కూడా ఆమె సలహా తీసుకుంది. మంచు మీద జారే బండికి ఇంజనే ఉండదు, అయినా వేగానికి సంబంధించిన సంగతి కాబట్టి ఆమెకు అభ్యంతరం ఉండి ఉండదు.

1990 నవంబరు 18న, ఎనభై ఒకటో ఏట బియాట్రిస్ షిల్లింగ్ కన్నుమూసింది. ఆమె జీవిత చరిత్ర పుస్తకంగా రావడానికి ఇంకో పదమూడేళ్ళు పట్టింది. తరువాత లండను యూనివర్సిటీకి చెందిన రాయల్ హాలోవే కాలేజీలో ఇంజనీరింగు భవనానికి ఆమె పేరు పెట్టారు. ఫార్న్‌బరోలో ఒక మద్యశాలకు కూడా ఆమె ముద్దుపేరు కలిపి టిల్లీ షిల్లింగ్ అని పేరు పెట్టారు.